రెండు సీసాలు, ఒక లొట్టి

మా అక్క కొడుకు అడిలైడ్ నుంచి దిగిన మర్నాడే గద్వాల బజారులో నన్నొక ప్రశ్న వేసి తికమక పెట్టాడు.

"మామయ్యా, ఇంత చిన్న వూళ్ళో ఇన్ని వైన్ షాపులా! ద్రాక్షతోటల మధ్య కాపురముంటున్నాను, మా పేటలో కూడా ఇన్ని లేవు."

నిజమే. బస్సుస్టాండు నుంచి కోట దాకా నడిస్తే చాలు, ఎర్రక్షరాలతో 'వైన్స్' అన్న బోర్డులు తగులుతూనే వుంటాయి. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చూస్తున్నాను గనుక ఆ మాటకు అర్థం వుంటుందని నాకు తోచనేలేదు. వాడికి తోచింది. తోచడమే కాదు, రోడ్డు దాటి వెళ్ళి, ఇనపకడ్డీల వెనక కూచున్న కుర్రాణ్ణి "వైన్ ఏముంది?" అని అడిగాడు కూడాను.

"క్వార్టరా, హాఫా?"

"అది కాదు, వైన్."

"ఇది వైన్సే సార్. ఏం గావాలె జెప్పుండ్రి."

ఈ సంభాషణ ఇలా మూడుసార్లు తిరిగింది. వెనక నిలబడ్డవాళ్ళు విసుక్కోవడం మొదలుపెట్టారు. చివరకు ఆ కుర్రాడు పై అరలోంచి దుమ్ముపట్టిన పోర్టువైన్ సీసా ఒకటి తీసి, చొక్కా అంచుతో తుడిచి, "చలికాలంల ముసలోల్లు అడుగుతరు సార్. ఇదొక్కటే వున్నది" అన్నాడు. సర్కారు లెక్కల్లో ఆ దుకాణం పేరు ఏ-4. విస్కీ, బ్రాందీ, బీరు అమ్మే ఆ దుకాణాన్ని జనం 'వైన్స్' అన్నారు, బోర్డులు రాసేవాడు అదే రాశాడు. ద్రాక్షరసానికీ దానికీ చుట్టరికం అక్షరాల్లోనే.

మరి మావాడు ఈ విషయంలో అంత పట్టుదలగా వుండడానికి కారణముంది. వాడు ఉద్యోగం చేసే అడిలైడ్‌కు ఈశాన్యంగా బరోసా లోయ అని ఒక చోటుంది. 1842లో జర్మన్ కుటుంబాలు వచ్చి అక్కడ కాపురం పెట్టాయి. మరుసటి ఏడు, 1843లో, నాటిన షిరాజ్ ద్రాక్షతీగెలు కొన్ని ఈనాటికీ కాపు కాస్తున్నాయట. 1860ల నుంచి ఫిలాక్సెరా అనే వేరుపురుగు యూరపు తోటల్ని తుడిచిపెట్టింది గాని, ఆ లోయ దాకా అది రాలేదు. మావాడు శని, ఆదివారాలు అక్కడికి పోయి 'రుచి చూసే' విద్య అభ్యసించాడు. ఎం.ఎస్. చదివిందాని కంటే ఇదే శ్రద్ధగా చదివాడని మా బావ అభిప్రాయం.

వస్తూ వస్తూ రెండు సీసాలు తెచ్చాడు. విమానంలో వచ్చేవాడు సుంకం లేకుండా రెండు లీటర్లే తేవచ్చు. సీసాకు ముప్పావు లీటరు గనుక రెండే పడతాయి. ఆపైన తెస్తే సుంకం సంగతి దేవుడెరుగు. దిగుమతి ద్రాక్షసారా మీద మన దేశంలో సుంకం నూటికి నూట యాభై. ఆస్ట్రేలియాతో ఒప్పందం 2022 డిసెంబరు 29 నుంచి అమల్లోకి వచ్చాక, సీసా ధర అయిదు డాలర్లు దాటినవాటికి అది వందకు దిగింది. దిగినా నావంటి పింఛనుదారుకు అందే సంగతి కాదు లెండి.

మా అక్కావాళ్ళది చీరల వ్యాపారం. నూలు ఒంటికి పట్టు అంచును మగ్గం మీదే కలిపి నేసే 'కుట్టు' చీర గద్వాలకు ప్రాణం. మావాడి పెళ్ళికి చీరలు తియ్యడానికని మా ఆవిడా నేనూ వచ్చి నాలుగు రోజులైంది. ఇంటి మేడ మీంచి సోమభూపాలుని కోట బురుజులు కనబడతాయి. కృష్ణా తుంగభద్రల నడుమ వున్న ఈ సీమను నడిగడ్డ అంటారు. మాఘమాసపు సాయంత్రం, చల్లటి గాలి. అక్కడే మావాడు సభ తీర్చాడు.

హాజరైనవారు: మా బావ, నేను, పక్కింటి ప్లీడరుగారు, రిటైరైన కంపౌండరుగారు. మా అక్కా, మా ఆవిడా మెట్ల మీద కూచుని, మేము ఏమైపోతామో చూడ్డానికి కాపలా కాశారు. నాకు పుట్టి ఇన్నేళ్ళలో ఆ అలవాటు లేదు. "వాసన మాత్రం చూస్తాను" అన్న షరతు మీద కూచున్నాను. ఇంట్లో అన్నీ స్టీలు గ్లాసులే. రంగు కనబడాలని మావాడు పట్టుబడితే హోటలు నుంచి గాజు టీగ్లాసులు తెప్పించారు.

మొదట షిరాజ్ సీసా తీశాడు. ఒక్కొక్కరికి రెండంటే రెండు గుక్కలు పోశాడు. "ఇంతేనా?" అని కంపౌండరుగారు నిరుత్సాహపడ్డారు. ముందు దీపానికెత్తి రంగు చూడాలి. తర్వాత గ్లాసు గుండ్రంగా తిప్పాలి. అలా తిప్పితే గాలి తగిలి వాసన లేస్తుంది. తర్వాత ముక్కు పెట్టాలి. ఆ తర్వాత నోట్లో పోసుకుని, పుక్కిలించి, ఉమ్మెయ్యాలి.

"ఉమ్మెయ్యాలా!" మా బావ గ్లాసు కింద పెట్టేశాడు. "ఏమప్పా, సముద్రాలు దాటించి తెచ్చింది ఉమ్మేసేదానికా?"

"వాళ్ళు రోజుకు యాభై, అరవై రకాలు చూస్తారు నాన్నా. మింగితే పదో రకానికే నాలుక పనిచెయ్యదు."

"మనవి రెండే గదా" అని ప్లీడరుగారు తీర్పు చెప్పారు. ఉమ్మడం రద్దయింది.

"ఇప్పుడు ఏం వాసన వస్తోందో చెప్పండి" అన్నాడు మావాడు. అక్కడ మొదలైంది అసలు వినోదం. వాడి దగ్గరొక కాగితముంది, అందులో ఇంగ్లీషులో ఏవేవో పళ్ళ పేర్లున్నాయి. ఆ పళ్ళు మాలో ఎవరూ తిన్నవాళ్ళం కాము. ప్లీడరుగారు ఆలోచించి, "నేరేడు పండు" అన్నారు. కంపౌండరుగారు "మిరియాల కషాయం" అన్నారు. మా బావ "పట్టుచీరలు పెట్టిన పాత బీరువా" అన్నాడు. మావాడు కాగితంలో చూసుకుని ఆశ్చర్యపోయాడు. మిరియం వుంది. నల్లపండు వుంది. బీరువా లేదు గాని, ఓకు పీపాల్లో నిలవ వుంచడం వల్ల వచ్చే చెక్కవాసన అని వుంది!

నా షరతు అప్పటికి సడలింది. ఒక గుక్క నోట్లో పోసుకున్నాను. నాలుక, చిగుళ్ళు పట్టేసినట్టయినాయి. అచ్చు పచ్చి వక్క కొరికినట్టు.

"వగరు" అన్నాను.

"దాన్నే మామయ్యా, వాళ్ళు టానిన్ అంటారు. దాన్ని వివరించడానికి వాళ్ళు పేజీలు పేజీలు రాస్తారు."

మనకు పేజీలక్కర్లేదు. ఉగాది పచ్చడిలో పచ్చిమామిడి ముక్కతో అది పసివాడికే పరిచయమవుతుంది. ఏడాదికొకసారి ఇంటిల్లిపాదీ వరసగా నిలబడి ఆరు రుచులూ వేరువేరుగా నాలిక మీద పోల్చుకునే జాతి మరొకటుందేమో నాకు తెలియదు. మెట్ల మీంచి మా ఆవిడ మాత్రం, "ఆ వగరుకి వక్కాకు వేసుకుంటే సరిపోయేది" అంది.

ఇలా నవ్వుకుంటుండగా మావాడొక మాట అన్నాడు. అక్కడివాళ్ళు సీసా మీద వూరు, తోట, కోసిన సంవత్సరం వేస్తారనీ, తెలిసినవాడు రుచి చూసి ఏ మట్టిదో చెప్పగలడనీ, మన దేశంలో అలాటి నాలుక గలవాళ్ళు లేరనీను. ముందటి రెండు మాటలూ ఒప్పుకున్నాను. మూడోది నాకు గుచ్చుకుంది.

"రేపు వనపర్తి పోదాం. ఆ రెండో సీసా విప్పకు" అన్నాను.

* * *

ఎర్రవల్లి చౌరస్తాలో పెద్దరోడ్డెక్కి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, ఆంజనేయస్వామికి కారులోంచే దణ్ణం పెట్టి, పెబ్బేరు మీదుగా సాయంత్రానికి వనపర్తి చేరాము. ఆ వూళ్ళో నేను పద్దెనిమిదేళ్ళు పంతులుగా వున్నాను. రాజావారి బంగళాలో పాలిటెక్నిక్ పెట్టి ఆరు దశాబ్దాలు దాటింది, దాన్ని చూపించాను. "ప్యాలెస్‌లో చదువుకున్నాను అని చెప్పుకోవచ్చన్నమాట" అన్నాడు మావాడు. ఆ బంగళా గురించి రాస్తే అది వేరే వ్యాసమవుతుంది.

నేను వెతుక్కుంటూ వచ్చింది ఒక శిష్యుణ్ణి. ఎనిమిదో తరగతిలో బడి ఎగ్గొట్టి తండ్రి వెంట ఈతవనంలో తిరుగుతున్నాడని బెత్తం విరిగేలా కొట్టాను వాణ్ణి. వాడిప్పుడు యాభై దాటిన మనిషి, మనవలున్నారు. శ్రీరంగాపురం రంగసముద్రం వైపు ఒక పల్లెలో వుంటాడు. వాడికి ఫోను చేస్తే, "సారూ, పొద్దు పొడవక ముందే రాండ్రి. పొద్దెక్కితె మీరు చూసేది వేరే" అన్నాడు.

అయిదు గంటలకు వెళ్ళాము. మంచు పట్టిన చెరువుకట్ట, దాని కింద ఈతచెట్లు. మా శిష్యుడు అప్పటికే మోకు నడుముకు బిగించి చెట్టు మీదున్నాడు. ఈతచెట్టు తాడిచెట్టంత పొడుగుండదు. అయినా ముళ్ళు, నున్నటి గాట్లు, చీకటి. మావాడు తలెత్తి చూస్తూ ఊపిరి బిగబట్టాడు. 2024లో సర్కారువారు గీత కార్మికులకు 'కాటమయ్య రక్షణ కవచం' అని నడుముకూ కాళ్ళకూ తగిలించుకునే సామాను ఇవ్వడం మొదలుపెట్టారు. వీడి సంఘంలోనూ కొందరికి అందిందట. "మంచిదే సారూ. మా నాయినకు వుండి వుంటె ఇంకో పదేండ్లు వుండేటోడు" అన్నాడు దిగుతూ. తాడి మీంచి పడి తండ్రి పోయిన సంగతి నాకు అప్పుడే తెలిసింది. బెత్తం గుర్తొచ్చి తల దించుకున్నాను.

పని మాత్రం చూడవలసిందే. ఈతచెట్టుకు మట్టల కింద మెడభాగంలో పలచగా చెక్కి లొట్టి కడతారు. ఒక ఏడు ఒక వైపు, మరో ఏడు ఎదుటివైపు. అందుకే పాత చెట్టు మెట్లు మెట్లుగా వంకర తిరిగి వుంటుంది. ఎన్నేళ్ళు గీశారో లెక్కపెట్టుకోవచ్చు. కొన్నాళ్ళు గీశాక ఆరనివ్వాలి, లేకపోతే చెట్టు చస్తుంది. తాడికి మరో పద్ధతి, అక్కడ గెలను గీస్తారు. పోతుతాడు, పరుపుతాడు, పండుతాడు అని కాలాన్ని బట్టి, చెట్టును బట్టి కల్లుకు పేర్లు మారతాయి. మావాడు చీటీలో రాసుకున్నాడు.

కారేటప్పుడు అది తియ్యటి నీరే. లొట్టి లోపల సున్నం పూసి పులియకుండా ఆపితే నీరా. 2023లో హైదరాబాదు నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ అని ప్రత్యేకంగా ఒకటి తెరిచారు. సున్నం పూయకపోతే గాలిలో, లొట్టిలో వున్న ఈస్టు వెంటనే పట్టుకుంటుంది. తెల్లవారి తియ్యన, పొద్దెక్కితే తీపీ పులుపూ, మధ్యాహ్నానికి ఘాటు, మర్నాటికి పుల్లటి నీళ్ళు. ద్రాక్షసారాకు వయస్సు ఏళ్ళతో, కల్లుకు గంటలతో. నిలవ వుండదు గనుకనే దీనికి సీసా మీద చీటీ అంటించే యోగం పట్టలేదు. ఓడలెక్కి ఊళ్ళేలే యోగం అంతకన్నా లేదు.

మావాడు పరీక్ష పెడతానన్నాడు. 1976లో పారిస్‌లో ఇలాటిదే ఒకటి జరిగిందట. చీటీలు కనబడకుండా పోసి ఇస్తే, ఫ్రెంచి పండితులే తమ బోర్డో, బుర్గుండీలను పక్కకు పెట్టి కాలిఫోర్నియా సరుకుకు మొదటి మార్కులు వేశారట. "మీ శిష్యుడు నిలుస్తాడా?" అన్నాడు మావాడు నా చెవిలో.

మూడు చెట్ల కల్లు మూడు ఆకుదొప్పల్లో పోశాము. ఒకటి చెరువుకట్ట మీది చెట్టుది. ఒకటి ఎర్రమట్టి చెలకగట్టు మీది చెట్టుది. మూడోదాంట్లో మావాడు దొంగతనంగా రెండూ కలిపాడు. నేను కళ్ళతో వారించినా వినలేదు. మా శిష్యుణ్ణి అటు తిరిగి కూచోమన్నాము. వాడికిదంతా తమాషాగా వుంది.

మొదటి దొప్ప తీసుకుని, నోటితో కాదు, ముక్కుతో మొదలుపెట్టాడు. మావాడు నా మోచెయ్యి నొక్కాడు. ఒక గుక్క నాలిక మీద కాసేపు వుంచుకుని మింగాడు.

"కట్టమీదిది. నీళ్ళు తాగిన చెట్టు. తీపి పైపైన్నే వుంటది."

రెండోది. "ఇది చెలకది. కొంచెమే కారుతది గానీ చిక్కన. గొంతుల దిగినంక తెలుస్తది."

మూడోది. ఇక్కడ కొంచెం ఆగాడు. మళ్ళీ వాసన చూశాడు. మళ్ళీ గుక్క. దొప్ప కింద పెట్టి వెనక్కు తిరిగి, మావాడి మొహం చూసి నవ్వాడు.

"బిడ్డా, మీ మామ నన్ను బెత్తంతోని కొట్టిండు గానీ మోసం జేయలే. ఇందుల రెండు కలిసినయి."

మావాడు లేచి నిలబడి వాడి రెండు చేతులూ పట్టుకున్నాడు. నేను చెరువు వైపు చూస్తూ వుండిపోయాను. పంతులుకు అంత గర్వం ఏ శిష్యుడి మార్కుల వల్లా కలగలేదు సుమండీ. వాడికి నేను నేర్పిందేమీ లేకపోయినా సరే.

అప్పుడు రెండో సీసా విప్పాము. అది ఈడెన్ లోయ రీస్‌లింగ్, తెల్లది. తడిగుడ్డ చుట్టి రాత్రంతా మేడ మీద పెట్టాము, చల్లగా వుంది. మా శిష్యుడు మొదట నేల మీద ఒక చుక్క విదిలించి కాటమయ్యను తలచుకున్నాడు. తర్వాత దొప్పలోనే పోయించుకున్నాడు. చాలాసేపు మాట్లాడలేదు.

"పుల్లగున్నది, గానీ చెడిపోయిన పులుపు గాదు. కాయ పులుపు. నిమ్మతొక్క గిల్లినట్టు. ఎన్నేండ్లది?"

"నాలుగేళ్ళది."

"నాలుగేండ్లా!" దొప్పలోకి తొంగి చూశాడు. "ఎట్ల ఆపిండ్రు?"

గాలి తగలకుండా చెయ్యడం, చల్లగా వుంచడం, గంధకపు పొగ లాటిది కొద్దిగా పట్టించడం, ఇవన్నీ మావాడు చెప్పాడు. వాడు శ్రద్ధగా విని సీసా చేతికి తీసుకుని చీటీ అటూ ఇటూ తిప్పి, "ఇండ్ల ఏం రాసిండ్రు?" అని అడిగాడు. మావాడు చదివాడు. కంపెనీ పేరు, లోయ పేరు, సంవత్సరం, నూటికి పన్నెండు పాళ్ళు మత్తు.

"కోసినోని పేరు?"

"అది వుండదు."

"అమ్మినోని పేరేసి కోసినోని పేరు ఏయకపాయె" అని సీసా తిరిగి ఇచ్చేశాడు. దాని మీద మావాడు ఏమీ అనలేకపోయాడు.

ఎండ పడేసరికి జనం రావడం మొదలైంది. నలుగురైదుగురే, అందరూ నెరిసిన తలలు. మా శిష్యుడి కొడుకు హైదరాబాదులో కారు తోలుతున్నాడు, చెట్టెక్కడు. "ఎక్కమని నేను చెప్పలే సారూ." రోడ్డు పక్క వనంలో సగం చెట్లు ప్లాట్ల రాళ్ళు పాతినప్పుడు పోయాయి. ఈ నాలుగు లొట్లకు గిరాకీ వుంది గానీ పెద్దగా లేదు. ఎందుకు లేదని అడిగితే వాడు నాగర్‌కర్నూలు వైపు చెయ్యి చూపించి, "ఆడ సీసలల్ల పది రూపాలకు అంతకంటె ఎక్కువ ఎక్కుతది గద" అన్నాడు. ధర సరిగ్గా అదో కాదో నాకు తెలియదు, ఆ మాట వెనక సంగతి మాత్రం తెలుసు. బయల్దేరేటప్పుడు ఒక లొట్టి నిండా కల్లు, మూతికి ఈతాకు కట్టి, కారులో పెట్టించాడు. "మీ దోస్తుకు ఇయ్యుండ్రి" అన్నాడు.

* * *

బిజినేపల్లి మీదుగా నాగర్‌కర్నూలు. పూర్వం బండ్లవాళ్ళు ఇరుసులకు కందెన పూసుకునే చోటు గనుక కందనూలు అయిందంటారు. ఊరి పక్క కేసరి సముద్రం నిండుగా వుంది. ఆగి చూడవలసిన చెరువే, గాని మేము ఆగలేదు.

నా స్నేహితుడు నాతో కలిసి పదో తరగతి దాకా చదివాడు. నాలుగెకరాల ఆసామి. చిన్నప్పుడు సెలవుల్లో వాళ్ళ నాయన మా ఇద్దరికీ ఈతనీరు చెరో దొప్ప పోసేవాడు, ఇంట్లో చెప్పొద్దనేవాడు. ఇంటికి వెళితే వాడు లేడు. వాడి భార్య, "అన్నా, ఇంకేడుంటడు, కంపౌండ్ల వుంటడు" అంది.

రేకుల షెడ్డు, ప్లాస్టిక్ డబ్బాల్లో వరసగా పాత బీరుసీసాలు, వాటినిండా తెల్లటి ద్రవం. చెట్టు చుట్టుపక్కల ఎక్కడా లేదు. నా స్నేహితుడు గోడకానుకుని కూచున్నాడు. నన్ను చూసి లేవబోయాడు, చేతులు వణుకుతున్నాయి. మావాడు అలవాటు చొప్పున వాడి ముందున్న గ్లాసు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తిప్పాడు. మళ్ళీ వాసన చూశాడు.

"ఇందులో చెట్టు లేదు మామయ్యా" అన్నాడు మెల్లగా. "తీపుంది. పండు తీపి కాదు. ఇంకేమీ లేదు."

నా స్నేహితుడు నవ్వాడు. "వాసన కోసం ఎవడు తాగుతడు అల్లుడా?"

పాలమూరు జిల్లా ఎరిగినవాళ్ళకు ఇది కొత్త కాదు. చెట్లు తక్కువ, తాగేవాళ్ళు ఎక్కువ. తీపికి శాకరిన్, తెలుపుకు ఏదో ఒకటి, మత్తుకు క్లోరల్ హైడ్రేట్, డైజిపాం, అల్ప్రాజోలాం. ఇవన్నీ నిద్రమందులు. వీటిని కలపడం నేరమే. పట్టుకుంటూనే వున్నారు, కలుపుతూనే వున్నారు. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు తాగి పలువురు చనిపోయారు. తాగితే ఒక ప్రమాదం, హఠాత్తుగా మానేస్తే మరో ప్రమాదం. శరీరం ఆ మందుకు అలవాటు పడిపోయి వుంటుంది గనుక ఆపగానే ఫిట్లు, లేనివి కనబడ్డం, మాట పిచ్చిగా రావడం.

ఇంటికి తీసుకొచ్చాక వాడి భార్య చెప్పింది. కిందటేడు దాడులు జరిగి కంపౌండు వారంపాటు మూసేశారట. మూడో రోజు రాత్రి గోడ మీద పురుగులు పాకుతున్నాయని చేత్తో రుద్ది రుద్ది వేళ్ళు పగలగొట్టుకున్నాడట. "మంచానికి కట్టేసినమన్నా. కంపౌండు తెర్వంగనే నేనే సీస తెచ్చి పోసిన. ఏం జెయ్యాలె?" అంది. నా దగ్గర జవాబు లేదు. ప్రభుత్వాసుపత్రుల్లో మానసిక వైద్యులు మందు మోతాదు కొంచెం కొంచెంగా తగ్గిస్తూ మాన్పిస్తారని, ఒక్కసారి ఆపకూడదని మాత్రం తెలుసు, అది చెప్పాను. మావాడు కాగితం తీసి రోజుకు ఎన్ని సీసాలు, ఏయే వేళల్లో, ఎన్నేళ్ళ నుంచి అని అడిగి అన్నీ రాసుకున్నాడు. వైద్యుడికి చూపించడానికి. ముందురోజు నేరేడుపండు, మిరియం రాసుకున్న కాగితానికి వెనక పేజీ అది.

"సోమవారం పొద్దున్నే వస్తాను. ఇద్దరం పోదాం" అన్నాను.

"చూద్దాం లేరా" అన్నాడు.

లొట్టి లోపలికి తెచ్చి మూతికున్న ఈతాకు విప్పాను. అప్పటికి మధ్యాహ్నం మూడు దాటింది. పుల్లటి వాసన గుప్పుమంది. వాడి భార్య గ్లాసులో కాస్త పోసింది. వాడు మొహమాటానికి ఒక గుక్క తాగి, "ఇది నాకెక్కదురా" అని గ్లాసు గట్టు మీద పెట్టేశాడు.

పెట్టినవాడు మళ్ళీ తీశాడు. ఈసారి తాగలేదు. గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని ముక్కు దగ్గరగా పెట్టుకున్నాడు. వణుకు వల్ల అంచు ముక్కుకు తగులుతోంది. కళ్ళు మూసుకున్నాడు.

"పులిసింది" అన్నాడు. కాసేపాగి, "చెరువుకట్ట మీది చెట్టు గదరా ఇది?" అన్నాడు.

మావాడు నా వైపు చూశాడు. "అవును" అన్నాను.

"మా నాయిన పోసేది గూడ కట్టమీదిదే" అన్నాడు వాడు. గ్లాసు పక్కన పెట్టి గోడ మీది గడియారం వైపు చూశాడు. నాలుగు కావస్తోంది. లేచి, చెప్పుల కోసం కాలితో తడుముకుంటూ, "మీరు కూసోండ్రి, ఇప్పుడే వస్త" అని బయటికి వెళ్ళాడు.

వాడి భార్య లొట్టి మూతికి ఈతాకు మళ్ళీ కట్టింది.